రెండడుగుల సముద్రం, ఒక రాగి బిందె

మా హాల్లో టీవీ ఉండాల్సిన చోట సముద్రం ఉంటుంది. పొడవు రెండడుగులు. టీవీ పడగ్గదిలోకి పోయింది, ఆ సంగతి మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. కూర్మన్నపాలెంలో మాది రెండో అంతస్తు ఫ్లాటు. కిటికీ గట్టు పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్ళీ స్టీలు ప్లాంటు నల్లటి పొడి వాలుతుంది. అలాంటి చోట ఉప్పునీళ్ళ ట్యాంకు పెట్టి అందులో పగడాలు పెంచుతానన్నవాడికి పిచ్చని చుట్టుపక్కలవాళ్ళందరూ తేల్చేశారు. నాకు అసలే ముక్కు మీద కోపం. పిచ్చి అన్న ప్రతిసారీ పట్టుదల ఇంకాస్త పెరిగింది.

పగడాలంటే గొప్పవేమీ కావు. గట్టి పగడాలను ఇంట్లో పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకోదు. నా దగ్గరున్నవి మెత్తటి జాతి. కొన్ని పుట్టగొడుగుల్లా ఉంటాయి, కొన్ని చొక్కా గుండీల్లా ఉంటాయి. ఎవరి ట్యాంకులోనో ముక్క కోసి పెంచితే కొనుక్కొచ్చుకున్నవి. వాటితోపాటు నారింజ రంగు మీద తెల్ల చారలున్న చేపల జంట, నాలుగు నత్తలు, ఒక రొయ్య. రొయ్యకు ఎర్రటి ఒళ్ళు, వీపు మీద తెల్ల గీత, మనిషి చెయ్యి పెడితే వచ్చి గోళ్ళు శుభ్రం చేసే అలవాటు.

ఉప్పునీళ్ళ ట్యాంకు పెట్టేవాళ్ళు దాదాపు అందరూ స్కిమ్మర్ అనే గొట్టం ఒకటి తగిలిస్తారు. అది నీళ్ళలోకి సన్నటి బుడగలు కొట్టి నురగ చేస్తుంది. మిగిలిన తిండి, చేపల మురికి ఆ నురగకు అంటుకుని పైనున్న గిన్నెలోకి చేరతాయి. ఆ గిన్నె పారబోసేటప్పుడు వచ్చే వాసన గురించి చెప్పకపోవడమే మంచిది. నేను అది పెట్టలేదు. మొదట చోటు లేక పెట్టలేదు, తర్వాత పంతానికి పెట్టలేదు. దాని బదులు తిండి చిటికెడే వేస్తాను. ట్యాంకు వెనక అరలో పచ్చటి నాచు ఉండ ఒకటి పెంచుతాను, మురికిని అది తిని పెరుగుతుంది. వారానికొక బకెట్టు పాత నీళ్ళు తీసేసి కొత్త సముద్రపు నీళ్ళు పోస్తాను. రాయి, ఇసక, నాచు, నత్తలు, ఇదే నా పారిశుధ్య విభాగం. ఇంతవరకూ సమ్మె చెయ్యలేదు.

ఆ సముద్రపు నీళ్ళు క్యాన్లలో తెచ్చిపెట్టేది ప్లాంటులో నా షిఫ్టులోనే పనిచేసే మిత్రుడు. అతనిది సముద్రం ఒడ్డునున్న యారాడ. ఇంట్లో నాలుగడుగుల ట్యాంకు, దానికి మోకాలెత్తు స్కిమ్మర్. నేను స్కిమ్మర్ లేకుండా నెట్టుకొస్తున్నానంటే అతనికి ఒళ్ళు మంట. ఇద్దరం బావా బావా అనుకుంటూనే క్యాంటీన్‌లో దీని మీద కొట్టుకోని రోజు లేదు. ఏదో ఒకనాడు నీ ట్యాంకు కుళ్ళి కంపు కొడుతుంది, అప్పుడు నా కాళ్ళ దగ్గరకొస్తావు అని అతని శాపం. నేను చచ్చినా రానని నా ప్రతిజ్ఞ.

ఇదంతా జరిగిన వేసవికి ముందే మా అత్తగారు మా దగ్గరకొచ్చారు. మామగారు పోయాక రాజమండ్రిలో అద్దె ఇల్లు ఖాళీ చేసేశారు. మా ఆవిడ ఒక్కతే కూతురు. "నెల్లాళ్ళుండి పోతాను" అంటూ ఒక రేకు పెట్టె, ఒక రాగి బిందె పట్టుకుని రైలు దిగారు. బిందె ఆవిడ పెళ్ళిలో పుట్టింటివాళ్ళు సారెతో పంపింది. అల్లుడింట్లో ఉండిపోవడం ఆవిడ దృష్టిలో తలవంపు. అందుకని పెట్టెలో బట్టలు బయటికి తీసి బీరువాలో పెట్టుకోలేదు. ఏ రోజు చీర ఆ రోజు పెట్టెలోంచే తీసుకునేవారు.

వాళ్ళ వైపు పాతకాలపు ఆడవాళ్ళు అల్లుడితో నేరుగా మాట్లాడరు. ఆవిడ నన్ను మాటల్లో ఎంతో గౌరవించేవారు, కానీ ఆ మాటలేవీ నాతో అనేవి కావు. నేను హాల్లో ఎదురుగా కూర్చున్నా, వంటింటి తలుపు పక్కన నిలబడి కూతురితో, అల్లుడుగారు కాఫీ తాగుతారేమో అడుగమ్మా అనేవారు. నేను కూడా, తాగుతానని చెప్పు అనేవాణ్ణి. మధ్యలో మా ఆవిడ, విన్నవాళ్ళకే మళ్ళీ వినిపించలేక విసుక్కునేది. నాకు ఆ పద్ధతి సుఖంగానే ఉండేది. అత్తగారితో ఏం మాట్లాడాలో ఏ అల్లుడికి తెలుసు గనక.

ఒకసారి చేతిలోంచి గాజు జగ్గు జారి పగిలిందని ఆవిడ పెట్టె కట్టేశారు. ఇంకోసారి పప్పులో ఉప్పెక్కువైందని నేను మొహం మాడ్చుకుంటే మళ్ళీ కట్టేశారు. రెండుసార్లూ మా ఆవిడ ఏడ్చి ఆపింది. వెళ్తే ఎక్కడికి? తణుకులో చెల్లెలింటికి. ఆ ఇంట్లో ఈవిడకు దొరికేది వరండాలో మడత మంచం, ఆ ఇంటి కోడలి సణుగుడు. అది మాకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. మా ఆవిడ నాకు గట్టిగానే చెప్పింది, "ఇంకొక్కసారి మీరు కస్సుమన్నారంటే అమ్మ రైలెక్కేస్తుంది. ఈసారి నేను ఆపలేను."

ఎండలు ముదిరాక ట్యాంకు వేడెక్కకుండా పైన చిన్న ఫ్యాను పెట్టాను. దాంతో నీళ్ళు తొందరగా ఆవిరైపోయేవి. సముద్రపు నీళ్ళలోంచి ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు. తగ్గినంత మేర మంచినీళ్ళు పొయ్యకపోతే ఉప్పు ముదిరి అన్నీ చస్తాయి. నాకు షిఫ్టులు, మా ఆవిడకు స్కూలు. ఒకరోజు మా ఆవిడ కబురు మోసుకొచ్చింది, పగలంతా ఖాళీగానే ఉంటున్నాను కదా, ఆ నీళ్ళు పోసే పని నేను చేస్తానని అమ్మ అంటోందని. సరే, ఫిల్టరు నీళ్ళే పొయ్యమను, కుళాయి నీళ్ళు వద్దను, అద్దం మీద గీసిన గీత దాకానే అని నేను తిరుగు కబురు పంపాను. మా ఇంట్లో పనులన్నీ ఇలా తీర్మానమయ్యేవి.

ఆ పని దొరికాక ఆవిడ మనిషే మారిపోయారు. స్నానం, దీపం అయ్యాక ట్యాంకు దగ్గరకొచ్చి కొలిచినట్టు నీళ్ళు పోసేవారు. గోదావరి జిల్లాలో పుట్టి జీవితమంతా రొయ్యల ఇగురు వండిన మనిషి, ఆ ఎర్రరొయ్యతో స్నేహం కట్టారు. ఇంట్లో రొయ్యలు వండబుద్ధి కావడం లేదని కూతురితో అన్నారు. అది మాత్రం నాకు నష్టమే. ఒకనాడు రొయ్య ఇసక మీద వెల్లకిలా పడి ఉందని ఆవిడ అన్నం మానేసి కూర్చున్నారు. నేను వచ్చి చూస్తే అది ఒట్టి డొల్ల. రొయ్య కుబుసం విడిచి రాయి కింద దాక్కుంది. మా ఆవిడ ద్వారా ఆ సంగతి చెప్పించాను. రొయ్య మెల్లగా మీసాలు బయటికి పెట్టేసరికి ఆవిడ తలుపు పక్క నుంచి చూసి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆవిడ నవ్వడం మేము చూడటం అదే మొదటిసారి, మామగారు పోయాక.

ఆ తర్వాత కొన్ని వారాలకు గుండీ పగడాలు ముడుచుకోవడం మొదలెట్టాయి. నత్తలు అద్దం మీంచి జారి ఇసకలో పడేవి, మళ్ళీ ఎక్కేవి కావు. చివరికి రొయ్య పడిపోయింది. నేను బయట నుంచి వచ్చేసరికి అత్తగారు ట్యాంకు ముందు నేల మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచి తలుపు పక్కకు వెళ్ళిపోయి, "కుబుసం విడిచిందేమో అడుగమ్మా" అన్నారు కూతురితో. ఈసారి డొల్ల కాదు. నేను చేత్తో తీసి చూశాను, బరువుగానే ఉంది.

నాకు కోపం నెత్తికెక్కింది. యారాడ నీళ్ళలో ఏదో కలిసి ఉంటుందని ఫోన్లో మిత్రుడి మీద అరిచాను. అతను కూడా తక్కువ తినలేదు. "నాను సెప్పలేదేటి బావ, స్కిమ్మర్ ఎట్టుకోమని? ఇనుకుంటేనా" అన్నాడు. ఫోన్ పెట్టేసి కూర్చున్నాక బుర్ర కాస్త పనిచేసింది. నీళ్ళు కుళ్ళితే ముందు చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. చేపలు హాయిగా తిరుగుతున్నాయి, తిండి అడుగుతున్నాయి. పోతున్నవి రొయ్య, నత్తలు, పగడాలు. చేపల్ని వదిలేసి వీటినే ఏరి చంపేది ఒకటుంది, రాగి. జబ్బు చేసిన చేపలకు రాగి మందు వేసేవాళ్ళు కూడా అందుకే వాటిని వేరే తొట్టెలో పెట్టి వేస్తారు. మిత్రుడి దగ్గర ఆ మందూ, నీళ్ళలో రాగి ఎంతుందో రంగు చూసి చెప్పే సీసా కూడా ఉన్నాయి. ఆదివారం అది పట్టుకు రమ్మన్నాను. ఈలోగా మోటారు విప్పాను, తీగలు చూశాను. ఎక్కడా రాగి బయటపడలేదు.

ఆదివారం పొద్దున వంటింట్లోకి మంచినీళ్ళకు వెళ్ళాను. అత్తగారు గట్టు దగ్గర నిలబడి ఉన్నారు. ఫిల్టరు కుళాయి కింద ఆవిడ సారె బిందె, చింతపండు పెట్టి తోమారేమో, ఎర్రగా అద్దంలా మెరుస్తోంది. అందులోంచి చెంబుతో నీళ్ళు ముంచుకుని, నన్ను చూసి పక్కకు తప్పుకుని, హాల్లోకి వెళ్ళి ట్యాంకులో పోశారు. గీత దాకా, ఒక్క చుక్క ఎక్కువ కాకుండా.

ఫిల్టరు నీళ్ళకని ట్యాంకు కింద నేను పెట్టిన తెల్ల ప్లాస్టిక్ క్యాను కొన్నాళ్ళుగా బాల్కనీలో బోర్లించి ఉండటం గుర్తొచ్చింది. ప్లాస్టిక్‌లో నిలవున్న నీళ్ళు మంచివి కావని, ప్రాణమున్నవాటికి అవి పొయ్యకూడదని ఆవిడ అనుకుని ఉంటారు. రాత్రంతా రాగి బిందెలో ఉంచిన నీళ్ళే ఒంటికి మంచివని ఆవిడ పుట్టింటివాళ్ళందరి నమ్మకం. తాను తాగే నీళ్ళే, అన్నిటికన్నా మంచివనుకున్న నీళ్ళే, రోజూ వాటికీ పోశారు. నేను ఫిల్టరు నీళ్ళన్నాను గానీ ఏ గిన్నెలోవో అనలేదు. ఆవిడ నన్ను అడగరు. అడగడం మర్యాద కాదు.

అరుపు గొంతు దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే కాలింగ్ బెల్ మోగింది, ఆవిడ వంటింట్లోకి తప్పుకున్నారు, మిత్రుడు సీసా పట్టుకుని లోపలికొచ్చాడు. వద్దని ఎలా అనాలో తోచేలోగా అతను ట్యాంకు నీళ్ళు గొట్టంలో పట్టి, చుక్కలు వేసి, కిటికీ దగ్గర ఎత్తి చూశాడు. నీళ్ళు రంగు తిరిగాయి.

"రాగి, బావ. నువ్వన్నదే. ఎక్కడ్నుంచొచ్చిందేటి ఇంత రాగి?"

అతనిది ప్లాంటులో యంత్రాల మోత మధ్య పెరిగిన గొంతు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. నేను ఆ తలుపు వైపు చూడలేదు. రేకు పెట్టె కళ్ళ ముందు కనిపించింది నాకు, తణుకు వరండా కనిపించింది. ఎప్పుడూ నా కోపానికి అడ్డుపడని బుద్ధి ఆ పూట ఎందుకు అడ్డుపడిందో తెలియదు.

"నీ సీసాలో మందు పాతబడిపోయింది బావా, అది పారెయ్" అన్నాను, అతని కన్నా గట్టిగా. "రాగీ లేదు, గీగీ లేదు. నువ్వు చెప్పిందే నిజం. స్కిమ్మర్ లేకపోవడమే. తప్పు నాది."

అతను సంతోషం పట్టలేకపోయాడు. సాయంత్రానికల్లా తన పాత స్కిమ్మర్ ఒకటి బండి మీద పెట్టుకొచ్చి తనే బిగించిపోయాడు. నేను కాళ్ళబేరానికి వచ్చానని సోమవారానికి షిఫ్టంతా తెలిసింది. క్యాంటీన్‌లో నన్ను చూసి ఒకడు టీ గ్లాసులోకి గొట్టంతో గాలి ఊదాడు. నురగొచ్చింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. లోపల మాత్రం భగభగలాడింది. ఇన్నేళ్ళు స్కిమ్మర్ లేకుండా ఒక్కణ్ణే నిలబెట్టుకొచ్చిన పద్ధతి, ఏ పాపమూ ఎరగని పద్ధతి, దోషిగా నిలబడింది.

మా ఆవిడకు కూడా నిజం చెప్పలేదు. చెప్తే తల్లికి చెప్పకుండా ఉండలేదు. కుళాయి ఉన్న ప్లాస్టిక్ క్యాను ఒకటి కొనుక్కొచ్చి ట్యాంకు పక్కనే పెట్టి, బిందె ఎత్తితే అత్తయ్యకు నడుము పట్టేస్తుంది, ఇకనుంచి ఇందులోంచి పట్టి పొయ్యమని చెప్పు అన్నాను. రాగిని పీల్చే సంచీ తెచ్చి వెనక అరలో వేశాను. రోజు విడిచి రోజు నీళ్ళు మార్చాను. ఇన్ని క్యాన్లు దేనికని మిత్రుడు అడిగితే స్కిమ్మర్‌కి అలవాటు పడేదాకా అన్నాను. స్కిమ్మర్ మాత్రం పొద్దస్తమానం గుర్రుమంటూ చెవిలో జోరీగలా తిరిగేది. ఆ గిన్నెలో చేరేది లేత టీ రంగు నీళ్ళు. దాన్ని పారబోసిన ప్రతిసారీ తిట్టుకునేవాణ్ణి.

అత్తగారు రోజూ వచ్చి క్యానులోంచే నీళ్ళు పట్టి పోసేవారు. ఏమీ తెలిసినట్టు కనిపించలేదు. ఫిల్టరు మోటారు చప్పుడులో ఆ రోజు మాటలు వినపడలేదేమోనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇంతలో మా ఆవిడ ఒకనాడు తల్లి మంచం కింద ఊడుస్తూ ఆగిపోయింది. రాగి బిందె వంటింట్లో లేదు. పాత చీరలో చుట్టి, రేకు పెట్టె పక్కన పెట్టి ఉంది. "మీరేమైనా అన్నారా?" అని నన్ను అడిగింది. నేనేమీ అనలేదన్నాను. అది నిజమే. అయినా నాకు భయం వేసింది. షిఫ్టు నుంచి వచ్చిన ప్రతిసారీ చెప్పులు విడుస్తూనే గుమ్మం పక్కన ఆవిడ చెప్పులున్నాయో లేదో చూసుకునేవాణ్ణి.

వానలు పడ్డాక గుండీ పగడాలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. రెండు నత్తలు తెచ్చి వేస్తే బతికి, అద్దమెక్కాయి. మిత్రుడి సీసా మళ్ళీ అడిగి తెచ్చుకుని నేనొక్కణ్ణే పరీక్ష చేస్తే రంగు తిరగలేదు. అప్పుడు ధైర్యం చేసి ఒక కొత్త రొయ్యను తెచ్చాను. అది రాయి కింద దూరి మీసాలు మాత్రం బయట పెట్టింది.

మర్నాడు నాకు సెలవు. మా ఆవిడ స్కూలుకెళ్ళింది. నేను స్కిమ్మర్ గిన్నె కడిగి బిగిస్తుంటే వెనక అలికిడైంది. అత్తగారు. తలుపు పక్కన కాదు, హాలు మధ్యలో, నాకు మూరెడు దూరంలో నిలబడి ఉన్నారు. మధ్యలో కబురు మొయ్యడానికి ఎవరూ లేరు.

"అల్లుడుగారూ," అన్నారు. "ఆ మోత యంత్రం తీసెయ్యండి. రాగి నురగలో పోదు కదండీ."

నేను గిన్నె కింద పెట్టాను.

"మీ స్నేహితుడు రంగు చూపించిన పూట నేను తలుపు వెనకాలే ఉన్నానండి. నా బిందేనని అప్పుడే తెలిసింది. గదిలోకెళ్ళి పెట్టె సర్దేసుకున్నాను. బిందె చుట్టేసుకున్నాను." ట్యాంకు వైపే చూస్తున్నారు, నా వైపు కాదు. "తప్పు మీదేనని మీరు అంత గట్టిగా అరిచారు. మీ ప్లాంటులో అందరూ నవ్వారట కూడాను, అమ్మాయి చెప్పింది. పరాయి మనిషి కోసం ఎవరూ అంత అబద్ధం ఆడరు కదండీ. పెట్టె మళ్ళీ విప్పేశాను. బట్టలు బీరువాలో పెట్టేసుకున్నాను, మీరు చూడలేదు."

నిజమే, నేను మంచం కింద పెట్టె చూసి భయపడ్డాను గానీ అందులో ఏముందో చూడలేదు. అది ఖాళీ పెట్టె. ఏడుపొస్తుందేమోనని అనిపించింది, సిగ్గెందుకు. ఏదో ఒకటి అనాలి గనక అన్నాను:

"ప్లగ్గు మీ చేతి దగ్గరే ఉంది, అత్తయ్యా. మీరే తీసెయ్యండి."

ఆవిడ చేతులు చెంగుకు తుడుచుకుని ప్లగ్గు పీకారు. గుర్రుమనడం ఆగిపోయింది. ఫ్యాను గాలి, చిన్న మోటారు నీళ్ళ చప్పుడు మిగిలాయి. బిందె మళ్ళీ వంటింట్లో పెట్టుకోండి, తాగడానికి మనకి అవే నీళ్ళు అన్నాను. అలాగేనండి అన్నారు.

తర్వాత ఆవిడ చెంబుతో క్యానులోంచి నీళ్ళు పట్టుకొచ్చి ట్యాంకు ముందు నిలబడ్డారు. పొయ్యలేదు. నా వైపు తిరిగారు.

"ఎందాకా పొయ్యమంటారండీ?"

గీత ఎక్కడుందో ఆవిడకు ఎండాకాలం నుంచీ తెలుసు. అయినా అడిగారు. నేను దగ్గరికెళ్ళి, అద్దం మీద గీతకు వేలు ఆనించి చూపించాను.